డే కేర్ చూడాలంటే సాయంత్రం ఐదున్నరకు వెళ్లండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు పదమూడు నెలలు. ఇల్లు బెంగళూరు మారతహళ్లిలో, మీ ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. ఇన్నాళ్లూ పాపను చూసుకున్న మీ అత్తయ్యగారు నెలాఖరుకు తెనాలి వెళ్లిపోతున్నారు. మీరు రెండు చోట్లు చూసి వచ్చారు. ఒకటి మెయిన్ రోడ్డు మీద ఉన్న పేరున్న ప్రీస్కూల్, రంగుల గోడలు, ఫోన్లో చూసుకోవడానికి సీసీటీవీ. రెండోది మీ వెనక వీధిలో ఒక ఇండిపెండెంట్ ఇంట్లో నడిచే చిన్న డే కేర్. ఏది మంచిదని అడిగారు. చివర్లో "నేను తప్పు చేస్తున్నానా" అని కూడా అడిగారు.

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బెంగళూరు డే కేర్లలోనే పెరిగారు. రెండోవాడు పుట్టాక అకౌంట్స్ ఉద్యోగం మానేసి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక డే కేర్‌లో చేరాను. మొదట టీచర్‌గా, తర్వాత కోఆర్డినేటర్‌గా ఎనిమిదేళ్లు పనిచేశాను. ఏడుస్తున్న బిడ్డను గేటు దగ్గర అప్పగించి వెళ్లిన తల్లిగానూ, ఆ బిడ్డను చేతుల్లోకి అందుకున్న మనిషిగానూ రెండు వైపులా నిలబడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు గోడలు చూస్తారు, బొమ్మలు చూస్తారు, మేడమ్ ఎంత బాగా మాట్లాడిందో చూస్తారు. ఆ మేడమ్ మీ పాపను ఎత్తుకోదు. రోజుకు తొమ్మిది గంటలు మీ పాపకు తినిపించేది, కడిగేది, జోకొట్టేది ఆయా. మీరు ఎంచుకోవాల్సింది ఆ ఆయాను. ఆమె అక్కడ ఎన్నేళ్లుగా ఉంది, ఆమె చేతికింద ఎంతమంది పిల్లలు ఉన్నారు, ఆమె రాని రోజు ఎవరు చూస్తారు? ఈ మూడింటికి జవాబు దొరికితే మీ ప్రశ్నలో ముప్పాతిక వంతు తేలిపోతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పెద్దవాడికి పదకొండు నెలలప్పుడు మేము ఎంచుకున్న చోట ఏసీ గది ఉంది, మెత్తటి మ్యాట్లు ఉన్నాయి, ప్రతి శుక్రవారం ఫొటోలు పంపేవాళ్లు. రెండో నెలకల్లా వాడు సరిగా తినడం మానేశాడు. ఇంటికి రాగానే నా భుజం మీద తల పెట్టి దిగేవాడు కాదు. ఒకరోజు అనుమానం వచ్చి పొద్దున వేసిన డైపర్ అంచు మీద పెన్నుతో చిన్న చుక్క పెట్టాను. సాయంత్రం ఆ చుక్క అలాగే ఉంది. మర్నాడు వెళ్లి అడిగితే తెలిసింది, నాలుగు నెలల్లో అక్కడ ముగ్గురు ఆయాలు మారారట. అప్పుడున్న అమ్మాయి చేరి తొమ్మిది రోజులే అయింది, ఆమెకు తొమ్మిది మంది పిల్లల్ని అప్పగించారు. ఆమె చెడ్డ మనిషి కాదు. నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మా వాడికి మాత్రం తినిపించే చెయ్యి నెలకొకటి మారిపోయింది. ఆ వయసు బిడ్డకు అన్నం అంటే ఆ చెయ్యే కదా.

తర్వాత వాణ్ని రెండు గదుల ఇంట్లో నడిచే ఒక డే కేర్‌లో చేర్చాం. గోడలకు బొమ్మలు కూడా లేవు. చింతామణి నుంచి వచ్చిన ఒక ఆయా ఆరేళ్లుగా అక్కడే ఉంది. పది రోజుల్లో మా వాడు పప్పన్నం గిన్నె ఖాళీ చేయడం మొదలుపెట్టాడు.

అలాగని ఇంట్లో నడిచేవన్నీ మంచివి, పేరున్నవన్నీ చెడ్డవి అని నేను అనడం లేదు. పెద్ద చోట్ల ఒక ఆయా రాకపోతే ఇంకో గది నుంచి పిలుస్తారు. చిన్న చోట ఉన్న ఇద్దరిలో ఒకరికి జ్వరం వస్తే ఆరోజు మీకు పొద్దున ఏడున్నరకు "ఇవాళ సెలవు" అని మెసేజ్ వస్తుంది. మీరు చూసిన ఆ రెండు చోట్లా ఇదే అడగండి. "ఆయా సెలవు పెడితే ఎవరు చూస్తారు, ఆ మనిషి పిల్లలకు ముందే అలవాటేనా?"

ఆయాతో నేరుగా మాట్లాడండి. పేరు అడగండి, ఎక్కడి నుంచి వచ్చిందో, ఆమెకు పిల్లలున్నారో లేదో అడగండి. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు పనిచేసే వాళ్లలో కోలారు, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎంతోమందికి ఇంట్లో తెలుగే. ఒక్క మాట తెలుగులో కదిపితే మనసు విప్పి మాట్లాడతారు. ఆమెతో మీరు మాట్లాడుతుంటే మేనేజర్ మధ్యలో దూరి తానే జవాబు చెబుతోందా, లేక పక్కకు తప్పుకుంటోందా అన్నది గమనించండి. జీతం టైముకు ఇచ్చి, మధ్యాహ్నం అరగంట కూర్చుని అన్నం తినే వీలు కల్పించే చోట ఆయాలు ఏళ్ల తరబడి ఉంటారు. నిలబడి నాలుగు ముద్దలు మింగి పరుగెత్తాల్సిన చోట నిలవరు. ఆకలితో, అలసటతో ఉన్న మనిషి ఎంత మంచిదైనా సాయంత్రానికి ఓపిక ఉండదు. నేను కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు అన్నిటికంటే ఎక్కువగా పోట్లాడింది ఆ అరగంట కోసమే.

ఇక పిల్లల సంఖ్య. క్రెష్‌ల (పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రాల) కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్లలోపు పిల్లలకు పది మందికి ఒక వర్కర్, తోడుగా ఒక హెల్పర్ ఉండాలని ఉంది. అది కనీసం మాత్రమే. పదమూడు నెలల పాపకు అది చాలదని నా అభిప్రాయం. ఏడాదిన్నర లోపు పిల్లలైతే ఒక మనిషికి ముగ్గురు, మరీ తప్పకపోతే నలుగురు. కారణం చెబుతాను. వంటింట్లో పొగ వచ్చిందనుకోండి. ఒక మనిషి రెండు చంకల్లో ఇద్దరిని ఎత్తుకుని బయటికి పరుగెత్తగలదు. మూడోవాడి కోసం వెనక్కి రాగలదు. తొమ్మిది మందిని ఏం చేస్తుంది?

సంఖ్య అడిగితే "మాకు ఐదుగురికి ఒకరు మేడమ్" అని చెబుతారు. ఆ లెక్కలో వంటమనిషి, గేటు దగ్గరి వాచ్‌మన్, మేనేజర్ కూడా కలిసిపోతారు. మీరే లెక్కపెట్టుకోవాలి. దానికి పొద్దున పదకొండు గంటలు సరైన సమయం కాదు. ఆ టైములో అన్ని చోట్లా బాగానే ఉంటుంది. పిల్లలు తిని, ఆడుకుంటూ, పాటలు పాడుతూ ఉంటారు. అందుకే చూడటానికి వచ్చేవాళ్లకు పదకొండింటికే టైము ఇస్తారు. మీరు సాయంత్రం ఐదున్నరకు వెళ్లండి. టీచర్లు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు, ఆయాల్లో సగం మంది షిఫ్ట్ దిగి ఉంటారు. పిల్లలు అలసిపోయి, ఆకలేసి, అమ్మ కోసం గేటు వైపు చూస్తుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న తల్లిదండ్రులు ఏడింటికి గానీ రారు. ఆ గంటన్నరలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది మనుషులు మిగిలారో చూడండి. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుంటున్నారా, టీవీ ముందు కూర్చోబెట్టారా, వరుసగా హై చెయిర్లలో బిగించి పెట్టారా? అక్కడ కనిపించిందే ఆ డే కేర్ అసలు రూపం.

వీలైతే ఇంకోరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు కూడా వెళ్లండి. అన్నం, డైపర్లు, నిద్ర అన్నీ ఒకేసారి మీద పడే టైము అది. ఒకే గిన్నె, ఒకే చెంచాతో నలుగురికి పెడుతున్నారేమో చూడండి. నోరు మూసుకున్న బిడ్డ నోట్లోకి కుక్కుతున్నారా, కాసేపు ఆగుతున్నారా అన్నదీ తెలుస్తుంది. వేరుశనగ గింజలు, కోయని ద్రాక్షపళ్లు లాంటివి చిన్నపిల్లల గొంతులో అడ్డం పడతాయి. అవి ఇచ్చే చోటైతే నేను రెండో మాట లేకుండా లేచి వచ్చేస్తాను.

మీ వెనక వీధిలోది ఇండిపెండెంట్ ఇల్లు అన్నారు కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. బెంగళూరులో ఇలాంటి ఇళ్లకు గేటు లోపలే నేలలో నీళ్ల సంపు ఉంటుంది. కావేరి నీళ్లు వచ్చిన రోజో, ట్యాంకర్ వచ్చిన రోజో దాని మూత తీసి పైపు వేస్తారు. మూతకు తాళం ఉందా, ట్యాంకర్ వచ్చినప్పుడు పిల్లలు ఎక్కడుంటారు అని అడగండి. వెళ్లి మీ కాలితో ఆ మూత తొక్కి చూడండి. కదిలితే ఆ ఇంట్లో బిడ్డను వదలకండి, మిగతావన్నీ ఎంత బాగున్నా సరే. మెట్లకు అడ్డ గేటు, మేడ తలుపుకు గొళ్లెం, బాత్రూంలో నీళ్లు నింపి పెట్టిన బకెట్లు కూడా చూసుకోండి. నిండు బకెట్ కూడా పాకే బిడ్డకు ప్రమాదమే. 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు ఇళ్లు ఎలా మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. పల్లంలో ఉన్న ఇల్లయితే వాన నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడిగితే చెబుతారు.

ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా? మీకు ఇంటి దగ్గరే మంచిదని నేననుకుంటున్నాను. మీరు రెండు రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. ఆఫీసు దగ్గర చేరిస్తే మిగతా మూడు రోజులూ పాప రానూపోనూ కారులో ట్రాఫిక్‌లో కూర్చోవాలి, మీకు జ్వరమొచ్చి ఆఫీసుకు వెళ్లని రోజు కూడా అంత దూరం తీసుకెళ్లాలి. ఇంకా పగలు పాలిచ్చే పసిబిడ్డ అయితే నేను ఆఫీసు దగ్గరే చేర్చమనేదాన్ని. 2017 నుంచి ఉన్న చట్టం ప్రకారం యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లికి రోజులో నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు ఇవ్వాలి. మీ కంపెనీ ఏదైనా డే కేర్‌తో ఒప్పందం పెట్టుకుందేమో, ఫీజులో కొంత భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. చాలామంది అడగకుండానే వదిలేస్తారు. ఎక్కడ చేర్చినా సరే, డే కేర్ నుంచి ఫోన్ వస్తే పదిహేను నిమిషాల్లో చేరుకోగల మనిషి ఒకరు ఉండాలి. మీరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటే ఆ మనిషి మీవారా, పక్కింటి వాళ్లా? ఆ పేరు ముందే రాసి ఇవ్వండి. పాపను తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లెవరో చూసుకోకుండా బిడ్డను ఇచ్చేసే చోటు మనకొద్దు.

సీసీటీవీ గురించి ఎక్కువ రాయను. ఉంటే మంచిదే. కానీ కెమెరా బాత్రూంలో ఉండదు, ఉండకూడదు కూడా. డైపర్ మార్చే మూలలో ఉండదు. అందులో మాట వినిపించదు. మీటింగ్‌లో కూర్చుని ఫోన్లో పాప ఏడుపు చూస్తూ నలిగిపోయిన తల్లుల్ని చాలామందిని చూశాను. కెమెరా కంటే నాకు నమ్మకం కలిగించేది తెరిచిన తలుపు. పాప అలవాటు పడ్డాక మీరు చెప్పకుండా వెళ్లినా లోపలికి రానిస్తారా అని అడగండి. "పిల్లలు డిస్టర్బ్ అవుతారు" అంటూ ఎప్పుడూ గేటు దగ్గరే ఆపేసే చోటైతే వద్దు. పాప రోజూ మామూలు కంటే చాలా ఎక్కువసేపు పడుకుంటోంది, సాయంత్రం కూడా మత్తుగా ఉంది అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఒక్కటే. అత్తయ్యగారు ఆదివారం రైలెక్కుతారు, సోమవారం నుంచి పాప డే కేర్‌కు అని రాశారు. దయచేసి అలా చేయకండి. ఈ వయసు పిల్లలకు అమ్మ కనబడకపోతే భయం బాగా ఎక్కువగా ఉంటుంది. ఏడాది నిండక ముందు నుంచీ ఏడాదిన్నర వయసు దాకా అది ముదురుతుంది. ఇల్లంతా తిరిగే నానమ్మ ఒక్కసారిగా మాయమై, అదే రోజు ముక్కూమొహం తెలియని చోట వదిలేస్తే పాపకు ఒకేసారి రెండు దెబ్బలు. అత్తయ్యగారు ఉండగానే మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు మీరూ పాపతోపాటే గంటసేపు అక్కడ కూర్చోండి. ఆయా మీతో నవ్వుతూ మాట్లాడటం పాప చూడాలి. అమ్మ నమ్మిన మనిషిని బిడ్డ తొందరగా నమ్ముతుంది. నాలుగో రోజు అరగంట బయటికి వెళ్లి రండి. తర్వాత గంట. తర్వాత అక్కడే అన్నం. పడుకోబెట్టడం చివర్లో, ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో. నానమ్మ పాత చీర ముక్క ఒకటి ఉతక్కుండా సంచీలో పెట్టండి. ఆ వాసనకు ఎంతమంది పిల్లలు కళ్లు మూసుకుని పడుకున్నారో నేను చూశాను.

వెళ్లేటప్పుడు పాపకు చెప్పకుండా జారుకోకండి. పాప చూస్తుండగా "అమ్మ ఆఫీసుకెళ్లి సాయంత్రం వస్తుంది" అని ఒకే మాట చెప్పి, ముద్దు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లండి. ఏడుస్తుంది. మీరు గేటు దాటాక ఆ ఏడుపు ఎంతసేపు ఉందో ఆయాను అడగండి. మొదటి రెండు వారాలు ఏడ్చినా తర్వాత తగ్గుతూ రావాలి. నెల దాటినా తినకుండా, ఎవరి దగ్గరికీ చేరకుండా, రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంటే అక్కడ ఏదో కుదరలేదని అర్థం. అప్పుడు "అలవాటవుతుందిలే" అనే మాట వినకండి.

మొదటి ఆరు నెలలు జలుబులు, జ్వరాలు తప్పవు. చిన్నపిల్లలకు, అందులోనూ డే కేర్‌కు వెళ్లే వాళ్లకు, ఏడాదిలో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు జలుబు చేయడం మామూలే. కాళ్లూ చేతులూ నోట్లో పొక్కులొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు కూడా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఆ రోజులన్నీ పాప ఇంట్లోనే ఉండాలి. అందుకని మీరూ మీవారూ ఇప్పుడే కూర్చుని ఎవరు ఎప్పుడు సెలవు పెడతారో మాట్లాడుకోండి. ప్రతిసారీ మీరే పెట్టాలని రూలేం లేదు. టీకాలన్నీ కార్డు ప్రకారం పూర్తయ్యాయో లేదో చూసుకోండి. ఫ్లూ టీకా సంగతి పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. జ్వరమున్న బిడ్డను కూడా తీసుకునే డే కేర్ ఆరోజుకు మీకు సాయం చేసినట్టే ఉంటుంది, మర్నాటికి ఆ జ్వరం పది ఇళ్లకు చేరుతుంది. మీరు రాసివ్వకుండా ఏ మందూ వేయకూడదని ముందే చెప్పండి.

మీవారు సిలబస్ గురించి అడగమన్నారని రాశారు. పదమూడు నెలల పాపకు సిలబస్ అంటే గిన్నెలో గిన్నె పెట్టడం, మట్టిలో ఆడటం, ఎవరో ఒకరు మొహంలోకి చూసి మాట్లాడటం. రెండేళ్లకే పెన్సిల్ పట్టిస్తామని, ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు) నేర్పిస్తామని చెప్పేవాళ్ల మాటకు ఫీజు కట్టకండి. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నది నియమం. 2025-26 సంవత్సరానికి మాత్రం దాన్ని ఐదేళ్ల ఐదు నెలలకు సడలించారు. ఏ లెక్కన చూసినా మీ పాపకు తొందరేమీ లేదు.

భాష గురించి భయపడకండి. మా రెండోవాడు ఏడాదిన్నరకు నీళ్లు కావాలని కన్నడలో "అమ్మా, నీరు బేకు" అన్నాడు. అన్నం ఎక్కువైతే "సాకు" అనేవాడు, ఇష్టం లేకపోతే "బేడ". మా అమ్మ కడప నుంచి వచ్చి, మనవడికి తెలుగు రాదేమోనని బెంగపెట్టుకుంది. ఇంట్లో మేము తెలుగే మాట్లాడాం, రాత్రి తెలుగులోనే కథలు చెప్పాం. ఇప్పుడు వాడికి రెండూ వచ్చు. ఆయా నేర్పిన కన్నడ వాడికి ఈ ఊరు ఇచ్చిన ఆస్తి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. నెల ఫీజు ఒక్కటే చూడకండి. అడ్మిషన్, డిపాజిట్, ఏడాదికోసారి కట్టే కిట్ డబ్బులు, సాయంత్రం ఆలస్యమైతే గంటకు ఎంత, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, డిపాజిట్ వెనక్కి వస్తుందా అన్నవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. కట్టకండి. నచ్చకపోతే నెలలో బయటికి రాగలగాలి. డబ్బు పోతుందనే ఆలోచనతోనే మేము ఆ మొదటి చోట ఇంకో నెలన్నర ఉంచేశాం. ఆ నెలన్నర తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తప్పు చేస్తున్నానా అన్నారు. లేదమ్మా. నా చేతుల మీదుగా వందల మంది పిల్లలు పెరిగారు. డే కేర్‌కు వచ్చారన్న కారణంగా ఏ బిడ్డా అమ్మను మరిచిపోలేదు. సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, ఎంత ఇష్టమైన ఆయా చంకలో ఉన్నా సరే, రెండు చేతులూ అటే చాస్తారు. పాప ఆయాను చూసి నవ్వడం మొదలుపెట్టిన రోజు మీకు గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. నాకూ గుచ్చుకుంది. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. తర్వాత నేనే డే కేర్‌లో పనిచేశాక అర్థమైంది, ఆ నవ్వు కోసమే కదా మనం వెతికింది.

మీరు రాసిన దాన్ని బట్టి నాకు వెనక వీధి ఇంటి వైపే మొగ్గు ఉంది, ఆ సంపు మూత గట్టిగా ఉండి, ఆయా కనీసం ఒకటి రెండేళ్లుగా అక్కడే పనిచేస్తుంటే. ఈ వారంలోనే రెండు చోట్లకూ సాయంత్రం ఐదున్నరకు వెళ్లి రండి. పిల్లలు ఎంతమంది, మనుషులు ఎంతమంది కనిపించారో, ఆయా ఏం చెప్పిందో ఇక్కడ రాస్తే చదివి చెబుతాను. అంతకంటే ముందు, అత్తయ్యగారి ప్రయాణం పది రోజులు వాయిదా వేసే వీలుందేమో ఇవాళే అడగండి.